ఇంటి పనిశాలకు విద్యుత్ పనిముట్లు

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో బొమ్మలు చేసే కళాకారులు అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతారు. పూర్వం దానిని చేతితో తిప్పేవారు. తరువాత ఆ పనిని విద్యుత్ మోటారు అందుకొంది. అయినను ఉలి పట్టేది చేయే. తిరుగుతున్న కర్రకు లక్కను అదిమి, రాపిడి వేడికి కరిగించి రంగు అద్దేదీ చేయే. అభిరుచి కొద్దీ ఇంట పనిశాల పెట్టుకొనేవారు పనిముట్లను ఎన్నుకొనేటప్పుడు ముందుగా గమనించవలసినది ఇదే: చేతి పనిలో ఏ భాగాన్ని యంత్రానికి అప్పగించాలి?

సాధారణంగా ఆ భాగం రంధ్రం వేయడం. చేతిలో ఇమిడే విద్యుత్ డ్రిల్లును 1895లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో ఫైన్ సోదరులు తయారు చేశారు. నేడు బల్లలకూ పటాలకూ బొమ్మలకూ 10 మిల్లీమీటర్ల బిట్టు పట్టే డ్రిల్లు చాలును. కాంక్రీటు గోడకు రంధ్రం వేయదలచినవారికి మాత్రం సుత్తిపోటు గల రకం అవసరం. వేగాన్ని తగ్గించే వీలు లేని డ్రిల్లు ఎంత చౌకైనా కొనదగినది కాదు. బిట్టు లావయ్యే కొద్దీ దాని అంచు వేగం పెరుగుతుంది. వేగం తగ్గించకపోతే కర్ర మాడుతుంది, ఇనుము మీద బిట్టు మొద్దుబారుతుంది. బ్యాటరీ డ్రిల్లు కొనేవారు మరొకటి గుర్తించాలి. ఒక సంస్థ బ్యాటరీ సాధారణంగా మరో సంస్థ యంత్రానికి అమరదు. తొలి కొనుగోలే తరువాతి కొనుగోళ్ళను నిర్ణయిస్తుంది.

కొత్తవారు తరచుగా పొరబడేది గ్రైండరు విషయంలో. ధర తక్కువ, అన్నిటినీ కోస్తుందన్న పేరు ఎక్కువ. దానికి పళ్ళున్న రంపపు బిళ్ళ బిగించి కర్ర కోసేవారూ ఉన్నారు. 100 మిల్లీమీటర్ల బిళ్ళ నిమిషానికి దాదాపు 11,000 సార్లు తిరుగుతుంది. లెక్క వేస్తే దాని అంచు వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. పన్ను కర్రలో చిక్కుకొన్న క్షణంలో యంత్రం పట్టుకొన్నవాని మీదికే ఎగురుతుంది. చేయి వెనుకకు తీసుకొనే వ్యవధి ఉండదు. గ్రైండరు ఇనుముకూ రాతికీ తగినది. అక్కడ కూడా కవచం తీయరాదు. బిళ్ళ మీద ముద్రించిన వేగం యంత్రపు వేగానికి తక్కువ కారాదు. పలుచని చెక్కను వంపులుగా కోయడానికి సన్నని రంపం కిందికీ మీదికీ ఆడే జిగ్‌సా ఉంది. నెమ్మదిగా సాగినా గీత తప్పదు.

కళ్ళద్దాలు, ధూళిని ఆపే ముసుగు కూడా కొనుగోలులో భాగమే. తిరిగే డ్రిల్లు దగ్గర వదులైన చేతి తొడుగులు, వేలాడే చున్నీ కొస ప్రమాదకరం. బిట్టు వాటిని చుట్టుకొని చేతిని లాగుతుంది. ఇక ప్లగ్గు. యంత్రం మీద చదరంలో చదరం గుర్తు ఉంటే అది రెండు పొరల విద్యుత్ రక్షణ కలది. దానికి ఎర్తు తీగ అక్కరలేదు. మూడు పిన్నులతో వచ్చిన యంత్రానికి మాత్రం ఎర్తు తప్పనిసరి. గోడలోని సాకెట్టుకు పట్టడం లేదని ఆ మూడవ పిన్నును విరిచివేయరాదు, సాకెట్టునే మార్పించుకోవాలి.