మీకు తెలుసా? వడ్ల రాశికి తాడు చుడితే చాలు

రాశి ఎత్తు కొలవకుండానే అందులో వడ్లు ఎంత ఉన్నాయో చెప్పేయవచ్చు. అడుగున చుట్టూ ఒక తాడు తిప్పి, ఆ పొడవు తెలుసుకుంటే చాలు. 1150లో భాస్కరాచార్యుడు రాసిన లీలావతిలో ‘రాశి వ్యవహారం’ అని ఇందుకోసమే ఒక ప్రకరణం ఉంది. డోర్నకల్ చుట్టుపక్కల ఊళ్లలో కోతలైతే చాలు, కొనుగోలు కేంద్రాల దగ్గర వడ్ల కుప్పలు కనిపిస్తాయి. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల్ని ఒక తాడు, ఒక టేపు ఇచ్చి అక్కడికి తీసుకెళ్తే శంకువు పాఠం సగం అయిపోయినట్టే.

లెక్క ఇదీ. చుట్టుకొలతలో ఆరో వంతు తీసుకుని వర్గం చేయాలి. దాన్ని ఎత్తుతో గుణించాలి. ఎత్తు ఎలా తెలుస్తుంది? ముల్లున్న ధాన్యమైతే చుట్టుకొలతలో తొమ్మిదో వంతు, శనగల్లాంటి లావు గింజైతే పదో వంతు, ఆవాల్లాంటి సన్న గింజైతే పదకొండో వంతు అని భాస్కరుడే చెప్పాడు. ఆయన వాడిన మాట శూకధాన్యం, అంటే ముల్లున్న ధాన్యం, వడ్లు ఆ కోవలోకే వస్తాయి. తాడు 18 మీటర్లు వచ్చిందనుకుందాం. ఆరో వంతు 3, దాని వర్గం 9. ఎత్తు 2 మీటర్లు. రాశి 18 ఘనపు మీటర్లు. గుండె నిబ్బరమున్న ఆరో తరగతి పిల్ల కూడా కాగితం లేకుండా చేసేస్తుంది.

ఇందులో π ఎక్కడుందని అడగండి. మంచి ప్రశ్న. శంకువు ఘనపరిమాణం అంటే భూమి వైశాల్యాన్ని ఎత్తుతో గుణిస్తే వచ్చేదాంట్లో మూడో వంతు. భూమి వైశాల్యాన్ని చుట్టుకొలతతో రాస్తే, చుట్టుకొలత వర్గాన్ని 12πతో భాగించి ఎత్తుతో గుణించాలని వస్తుంది. π స్థానంలో 3 వేయండి, 12 మూళ్లు 36, అంటే ఆరో వంతు వర్గం. పిల్లలు దీన్ని తమంతట తాము రాబట్టాలి. టీచరు బోర్డు మీద రాసేస్తే ఆ ఆనందం పోతుంది. π విలువ 3 కాదు కాబట్టి జవాబు సుమారు 5 శాతం ఎక్కువ వస్తుంది. పైన చెప్పిన రాశి నిజానికి 17.2 ఘనపు మీటర్లే. ఘనపు మీటరుకు వడ్లు దాదాపు 550 నుంచి 600 కిలోలు తూగుతాయనుకుంటే, తేడా నాలుగైదు క్వింటాళ్లు. 40 కిలోల బస్తాల్లో పదకొండు, పన్నెండు. π విలువ 3 అంటే ఏమవుతుందో, 3.14 అంటే ఏమవుతుందో ఇంతకంటే సూటిగా చూపించే లెక్క నాకైతే తెలియదు.

తొమ్మిదో వంతు అన్నది గింజ స్వభావం. వడ్లు పోసినకొద్దీ జారి ఒక వాలు దగ్గర నిలబడతాయి. తొమ్మిదో వంతు అంటే సుమారు 35 డిగ్రీల వాలు, పదో వంతుకు 32, పదకొండో వంతుకు 30. ఎండిన ఇసుక, కందులు, వడ్లు తలా ఒక దోసిలి పోసి, చుట్టూ దారం తిప్పి, మధ్యలో స్కేలు నిలబెట్టి చూస్తే దేని వంతు ఎంతో తెలుస్తుంది.

ఇంకా బాగుండేది గోడకు ఆనించి పోసిన రాశి. అది సగం శంకువు. కొలిచిన వంపును రెట్టింపు చేసి లెక్క కట్టి, వచ్చినదాంట్లో సగం తీసుకోవాలి. గది లోపలి మూల అయితే నాలుగు రెట్లు చేసి నాలుగో వంతు. గోడ బయటి మూల చుట్టూ పోసింది ముప్పావు శంకువు. వంపును 4తో గుణించి 3తో భాగించాక లెక్క కట్టి, అందులో ముప్పావు వంతు. ఈ మూడూ లీలావతిలో ఉన్నవే. భిన్నాలంటే భయపడే పిల్లలకు ఇక్కడ భిన్నం కంటికి కనిపిస్తుంది.

శంకువు లెక్కలో మూడో వంతు ఎందుకన్నది మాటలతో ఒప్పించడం కష్టం. చార్టు కాగితంతో ఒకే వెడల్పు, ఒకే ఎత్తు ఉన్న శంకువూ స్థూపమూ చేసి, శంకువులో ఎండిన ఇసుకను అంచు దాకా పోసి స్కేలుతో చదును చేసి, స్థూపంలోకి గుమ్మరించాలి. మూడు సార్లకు నిండుతుంది. టేపు సరిగా అతకకపోతే శంకువు నోరు గుడ్డు ఆకారంలోకి సాగి లెక్క తప్పుతుంది, అది చూసుకోవాలి. అదే వెడల్పున్న బంతిని సగానికి కోస్తే, శంకువు, స్థూపం ఎత్తు వ్యాసార్ధమంతే ఉన్నప్పుడు, సగం బంతిలో రెండు శంకువుల ఇసుక పడుతుంది. శంకువు, అర్ధగోళం, స్థూపం: 1, 2, 3. గోళం తనను చుట్టిన స్థూపంలో మూడింట రెండు వంతులన్న ఈ విషయం మీద ఆర్కిమెడీస్‌కు ఎంత ఇష్టమంటే, తన సమాధి మీద ఆ బొమ్మే చెక్కించమన్నాడట.

గోళం ఘనపరిమాణం మన పెద్దలనూ తిప్పలు పెట్టింది. 499లో ఆర్యభటుడిచ్చిన సూత్రంతో జవాబు నిజానికి మూడో వంతు ఎక్కువ వస్తుంది. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు వ్యాసార్ధ ఘనానికి నాలుగున్నర రెట్లు అని స్థూలంగా, అందులో పదింట తొమ్మిది వంతులు అని సూక్ష్మంగా చెప్పాడు. అంటే 4.05 రెట్లు, అసలు విలువ 4.19. ఆయన గణితసార సంగ్రహాన్నే పావులూరి మల్లన తెలుగులో పద్యాలుగా చెప్పాడు. సరైన సూత్రం భాస్కరుడిదే: ఉపరితల వైశాల్యాన్ని వ్యాసంతో గుణించి 6తో భాగించడం. తొమ్మిదో తరగతి పిల్లలు ఆ ఒక్క సూత్రాన్ని అందుకోవడానికి తడబడితే విసుక్కోకూడదు, అది శతాబ్దాల దారి.

డోర్నకల్‌లో అర్ధగోళం కోసం ఎక్కడికీ పోనక్కరలేదు. బిషప్ అజరయ్య కట్టించిన ఎపిఫనీ కేథడ్రల్, 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయినది, గుమ్మటాలతో ఊళ్లోనే ఉంది. ఆ గుమ్మటం నిజంగా అర్ధగోళమేనా? దూరంగా నిలబడి ఒక ఫొటో తీసి, అచ్చు వేసి, స్కేలుతో వెడల్పు, ఎత్తు కొలవండి. ఎత్తు వెడల్పులో సగమైతే అవును. కాకపోతే ఎంత తేడా ఉందో పిల్లలే రాయాలి.