పాఠశాలలో వాన లెక్క

ఒక ఊరిలో వాన కురియుచుండగా, క్రోసు దూరమున నున్న మరియొక ఊరిలో ఎండ కాయుట కలదు. వాతావరణ కేంద్రములు దూరదూరముగా నుండును. నడుమనున్న ఊళ్ల లెక్క వానికి చిక్కదు. ఈ కొరతను విద్యార్థులే స్వల్పవ్యయముతో కొంత తీర్పవచ్చును.

వర్షమాపకమునకు ఒక గరాటు, అంతటను ఒకే వెడల్పుగల ఒక సీసా చాలును. గరాటు నోటి వైశాల్యము సీసా అడుగు వైశాల్యమునకు పదిరెట్లున్నచో, 1 మిల్లీమీటరు వాన సీసాలో 10 మిల్లీమీటర్ల ఎత్తున నిలుచును. చిన్న జల్లును సైతము ఇట్లు కొలువవచ్చును. దీనిని చెట్టు క్రిందను, చూరు క్రిందను ఉంచరాదు.

ఉష్ణమాపకముతో చిక్కు ఎక్కువ. ఎండలో నుంచినచో అది గాలి వేడిమిని గాక, తన ఒంటి వేడిమినే చెప్పును! అందుకై పందొమ్మిదవ శతాబ్దమున థామస్ స్టీవెన్‌సన్ అను స్కాట్లండు ఇంజనీరు, గాలి చొరబడు వాలుపలకల తెల్లని పెట్టెను కల్పించెను. విద్యార్థులు తెల్లని పళ్లెములను ఎడమెడముగా బోర్లించి పేర్చి, నడుమ ఉష్ణమాపకము నుంచినను ఆ పని నెరవేరును.

భారతదేశమున వానను ఉదయము 8.30 గంటలకు కొలుతురు. సెలవుదినమనియు మానరాదు. ఒకనాడు మరచినచో ఆ నీరు మరునాటి నీటితో కలిసి, రెండు దినముల లెక్కయు చెడును. తోచిన అంకె వ్రాసి పూరించుట అంతకన్న చేటు.

ఒక యేటి వానను బట్టి శీతోష్ణస్థితి మారినదని చెప్ప వీలులేదు. శాస్త్రజ్ఞులు 30 ఏండ్ల సగటును చూతురు. ఎనిమిదవ తరగతివారు నేడు ఆరంభించిన వాన పుస్తకము, ఇంకను పుట్టని పిల్లల చేతిలో నిండును.