పిక్క మీద చెయ్యి వేసే ముందు

అర్ధరాత్రి పిక్క పట్టేస్తే ఇంట్లో ఎవరో ఒకరు లేచి, గోరువెచ్చని నూనె రాసి కాలు పడతారు. పసిబిడ్డకు నూనె మర్దనా, పండగనాడు నలుగు, పెద్దవాళ్లకు కాళ్లు పట్టడం మన ఇళ్లలో ఎవరూ పనిగట్టుకుని నేర్పని విద్యలు. మసాజ్ థెరపీని వృత్తిగా ఎంచుకున్నవాళ్లు మాత్రం ఎముకలు, కండరాలు, నరాలు, రక్తనాళాలు ఎక్కడెక్కడ ఉన్నాయో మొదట చదువుకోవాలి. ఎక్కడ ఒత్తాలో, ఎక్కడ ఆగాలో చేతికి తెలిసేది ఆ చదువుతోనే.

స్వీడిష్ మసాజ్‌లోని మూల కదలికలను 19వ శతాబ్దపు డచ్ వైద్యుడు యోహాన్ మెట్స్‌గర్ ఒక పద్ధతిలో పెట్టాడు. నిమరడం ఎఫ్లరాజ్, పిసకడం పెట్రిసాజ్, ఒత్తిపట్టి రుద్దడం ఫ్రిక్షన్, తట్టడం టపోట్‌మాన్.

పిక్కనే తీసుకుందాం. మనిషిని బోర్లా పడుకోబెట్టి, చీలమండ దగ్గర రెండు అరచేతులూ ఆనించి, మోకాలి వైపు నెమ్మదిగా జరపాలి. సిరల్లో రక్తం గుండె వైపు నడుస్తుంది కాబట్టి పైకి వెళ్లేటప్పుడే ఒత్తిడి పెట్టాలి. కిందికి వచ్చేటప్పుడు చేతులు తాకీతాకనట్టు జారాలి. మోకాలి వెనక గుంటలో ధమని, సిర, నరం ఉంటాయి, అక్కడికి రాగానే బరువు తీసేయాలి. బలమంతా బొటనవేళ్లతోనే పెడితే కొన్నాళ్లకు మసాజ్ చేసేవాళ్ల కీళ్లే నొప్పెడతాయి. అందుకే ఒంటి బరువును చేతుల మీదుగా దించడం నేర్పుతారు.

నెమ్మదిగా నిమిరితే హాయిగా ఎందుకుంటుంది? రోమాలున్న చర్మంలో సీ-టాక్టైల్ అనే సన్నని నరాలున్నాయి. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో నిమిరినప్పుడే అవి బాగా స్పందిస్తాయి. తొందరపడే చెయ్యి వాటిని పలకరించలేదు.

మసాజ్ చేస్తే కండరాల్లోని లాక్టిక్ ఆమ్లం పోతుందని చాలామంది నమ్ముతారు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2012లో ప్రచురించిన అధ్యయనంలో 11 మంది యువకుల చేత అలసిపోయేదాకా సైకిల్ తొక్కించి, ఒక కాలికి మాత్రమే 10 నిమిషాలు మసాజ్ చేశారు. రెండు కాళ్ల నుంచీ కండరపు ముక్కలు తీసి పరీక్షిస్తే, లాక్టిక్ ఆమ్లంలో తేడా లేదు. వాపును రేపే సంకేతాలు మాత్రం మసాజ్ చేసిన కాలిలో తగ్గాయి.

చేతి నైపుణ్యం ఎంత ముఖ్యమో నడవడిక కూడా అంతే ముఖ్యం. 1894లో లండన్‌లో మసాజ్ పేరిట అక్రమాలు జరుగుతున్నాయన్న దుమారం రేగింది. తమ వృత్తి గౌరవం నిలబెట్టుకోవడానికి నలుగురు నర్సులు అదే ఏడాది సంఘం పెట్టి, వైద్యుడి సూచన ఉంటేనే మసాజ్ చేయాలని నియమం రాసుకున్నారు. ఆ సంఘమే నేటి చార్టర్డ్ సొసైటీ ఆఫ్ ఫిజియోథెరపీ. మంచి శిక్షణ పొందినవాళ్లు పనిచేసే భాగం తప్ప మిగతా ఒళ్లంతా దుప్పటి కప్పి ఉంచుతారు, ఒత్తిడి సరిపోయిందా అని అడుగుతారు, వద్దంటే వెంటనే ఆపుతారు.

వాళ్లు చెయ్యి వేయకముందే అడిగే ప్రశ్నలూ ఉంటాయి. జ్వరముందా? రక్తం పలచబడే మందులు వాడుతున్నారా? ఈమధ్య ఆపరేషన్ అయిందా? ఒక్క పిక్కే వాచి, వేడిగా ఉండి, నొప్పెడుతుంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. పిసికితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం మీదికి రావచ్చు. ఇంట్లో కాలు పట్టే ముందు కూడా దీపం వేసి, రెండు పిక్కలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి వాచి వేడిగా ఉంటే నూనె సీసా పక్కన పెట్టి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.