స్పానిష్‌కు తెలుగు దారి

ప్రయాణాలకూ వ్యాపారానికీ సాహిత్యానికీ అక్కరకొచ్చే భాషను మనం ఇంగ్లిష్ మీదుగా చుట్టు తిరిగి నేర్చుకుంటున్నాం. దగ్గరి దారి ఒకటుందని అనంతపురం జిల్లా అమ్మాయి నోటుపుస్తకం చెబుతోంది.

"స్పానిష్ నేర్చుకుంటే లాభమేంటి? ముఖచిత్ర కథనం. శుక్రవారానికల్లా కావాలి" అన్నారు ఎడిటర్. దేశాల జాబితాలు, ఉద్యోగ ప్రకటనలు పోగేస్తుండగా చేతికొచ్చింది అట్ట నలిగిన ఒక రూళ్ల నోటుపుస్తకం. కల్యాణదుర్గం వైపు పల్లెలో పుట్టి, డిగ్రీ అయ్యాక స్పానిష్ నేర్చుకుని, ఇప్పుడు బెంగళూరులో స్పానిష్ కస్టమర్ల మెయిళ్లకు జవాబులిచ్చే ఉద్యోగం చేస్తున్న అమ్మాయిది. పేరు వేయొద్దంది, పుస్తకం మాత్రం ఇచ్చింది. అది తెరిచాక మిగతా కాగితాలు పక్కకు పోయాయి.

మొదటి పేజీలో నిలువుగా గీత. ఎడమవైపు తెలుగు లిపిలో ఆబ్లో, ఆబ్లాస్, ఆబ్లా. కుడివైపు మాట్లాడతాను, మాట్లాడతావు, మాట్లాడుతుంది. 'నేను', 'నువ్వు' ఎక్కడా రాయలేదు. రెండు భాషల్లోనూ ఎవరు మాట్లాడుతున్నారో క్రియ చివరే తెలిసిపోతుంది కాబట్టి వాటి అవసరం పడలేదు. ఇంగ్లిష్ నుంచి స్పానిష్‌కు వెళ్లేవాళ్లు ఈ పట్టిక బట్టీ పడతారు. మనకు అది పుట్టుకతో వచ్చిన అలవాటు.

నాలుగు పేజీలు తిప్పితే ఇష్టాలు, నొప్పులు. 'మె గుస్తా ఎల్ కఫే' పక్కన 'నాకు కాఫీ ఇష్టం'. 'మె దుఎలె లా కబేసా' పక్కన 'నాకు తల నొప్పిగా ఉంది'. ఇష్టమైనా బాధైనా 'నాకు' కలిగేదే. వాక్యం కట్టే తీరు ఇంతగా కలిసినప్పుడు మధ్యలో ఇంగ్లిష్‌ను ఎందుకు పెట్టుకోవాలి?

అన్నిటికంటే నన్ను కట్టిపడేసింది 'సెర్', 'ఎస్తార్' అన్న పేజీ. ఇంగ్లిష్‌వాళ్లకు ఒక్క క్రియతో జరిగిపోయే పనికి స్పానిష్‌లో ఇవి రెండున్నాయి. ఏది ఎక్కడ వాడాలో తెలియక ఏళ్ల తరబడి తడబడేవాళ్లున్నారు. మనమ్మాయి రెండే వాక్యాలు రాసుకుంది. 'ఆమె డాక్టర్', 'ఆమె ఇంట్లో ఉంది'. మొదటిదానికి తెలుగులో క్రియే అక్కర్లేదు, అక్కడ సెర్. రెండోదానికి 'ఉంది' కావాలి, అక్కడ ఎస్తార్. 'నీరసంగా ఉంది', 'కోపంగా ఉంది' కూడా ఎస్తార్ కిందికే వచ్చాయి. "ఇంగ్లిష్‌లో పెట్టుకుంటే రెండూ ఒకే మాదిరి కనపడతాయి సార్. తెలుగులో పెట్టుకుంటే విడిపోతాయి" అంది. సూత్రం నూటికి నూరుపాళ్లు నిలబడదు. మనం 'పొడుగ్గా ఉంటుంది' అన్నా స్పానిష్‌లో అది సెరే. పేజీ అడుగున ఎర్ర ఇంకుతో 'పొడుగు, పొట్టి: సెర్' అని రాసుకుంది. మినహాయింపులు అలా ఎర్రగా మిగిలాయి, అసలు సూత్రం మాత్రం ఇంట్లో మాట్లాడే భాషలోనే దొరికింది.

ఎర్ర ఇంకు ఎక్కువగా కనిపించేది లింగాల దగ్గర. తెలుగులో బల్ల, పుస్తకం, వాన అన్నీ ఒకే గూట్లో ఉంటాయి. స్పానిష్‌లో బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం. ఇక్కడ తెలుగు ఆదుకోదు. ఉచ్చారణలో మాత్రం మళ్లీ మనదే పైచేయి. స్పానిష్‌లో అచ్చులు అయిదే. ప, త, క లు మనం పలికినట్టే ఊపిరి ఒత్తకుండా పలకాలి. 'పెరో' అంటే కానీ, 'పెఱ్ఱో' అంటే కుక్క. రెండోదాన్ని ఆమె బండి ఱ తో రాసుకుంది. మనం దాదాపు వదిలేసిన అక్షరం అక్కడ చక్కగా పనికొచ్చింది.

ఇంతకీ ఈ అమ్మాయి సొంత జిల్లా అనంతపురంలో స్పానిష్ వినిపించడానికి కారణం విన్సెంట్ ఫెర్రర్. 1920లో బార్సిలోనాలో పుట్టి, 1952లో ఇండియాకు వచ్చి, 1969లో అనంతపురం చేరి, 2009లో అక్కడే కన్నుమూశారు. ఆయన పెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ద్వారా స్పెయిన్ కుటుంబాలు ఇక్కడి పిల్లల చదువుకు స్పాన్సర్లుగా నిలిచాయి. పిల్లల ఉత్తరాలు, బొమ్మలు అటు వెళ్తాయి, జవాబులు ఇటు వస్తాయి. స్పాన్సర్లు స్వయంగా పల్లెలకు వస్తే పక్కన దుబాసీ ఉంటారు. పేద గ్రామీణ పట్టభద్రులకు స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ నేర్పే బడిని కూడా ఈ ట్రస్టే నడుపుతోంది. టెన్నిస్ వీరుడు రఫెల్ నాదల్ ఫౌండేషన్ 2010లో అనంతపురంలోనే టెన్నిస్ బడి తెరిచింది. కరువు సీమకు ఈ భాష పుస్తకాల కంటే ముందు మనుషుల వెంట వచ్చింది.

స్పానిష్ చరిత్ర క్లుప్తంగా. రోమన్ల లాటిన్ నుంచి పుట్టి, 711 తర్వాత అరబ్బుల పాలనలో వేల మాటలు కలుపుకొంది. 1492లో ఆ పాలనకు చివరి కోట గ్రనడా పతనం, కొలంబస్ ప్రయాణం, నెబ్రీహా రాసిన తొలి స్పానిష్ వ్యాకరణం, మూడూ ఒకే ఏడు. తర్వాత ఓడలెక్కి అమెరికా ఖండాలకు పోయింది. మన మిరప, టమాటా, వేరుశనగ పుట్టిందీ ఆ ఖండాల్లోనే. అనంతపురం రైతులు తరతరాలుగా వేసిన టీఎంవీ-2 వేరుశనగను శాస్త్రవేత్తలు 'స్పానిష్' గుత్తి రకం అంటారు. నేడు స్పానిష్ 20 దేశాలకు అధికార భాష, దాదాపు 50 కోట్ల మందికి మాతృభాష.

ఇక ఎడిటర్ అడిగిన లాభాలు. మెక్సికో, కొలంబియా, పెరూ, చిలీలకు మందులు పంపే హైదరాబాద్ కంపెనీలకు ప్యాకెట్ మీది అక్షరాలు, లోపలి కరపత్రం స్పానిష్‌లో ఉండాలి. మోతాదు మాటలో తేడా వస్తే రోగి ప్రాణం మీదికొస్తుంది. అందుకే కెమిస్ట్రీ, స్పానిష్ రెండూ తెలిసిన మనిషికి విలువ. అమెరికాలో ఇళ్లలో స్పానిష్ మాట్లాడేవాళ్లు 4 కోట్ల పైమాటే. టెక్సస్‌లో రోగిని చూసే తెలుగు డాక్టరుకు, వంటింట్లో మెక్సికన్లతో పనిచేసే మన రెస్టారెంట్ యజమానికి రోజూ అది అవసరమే. సాహిత్యం సంగతికొస్తే నెరూడా (నోబెల్ 1971), మార్క్వెజ్ (1982) మనకు చాలావరకు ఇంగ్లిష్ మీదుగానే చేరారు. నేరుగా స్పానిష్ నుంచి తెలుగులోకి తెచ్చే చేతులు పెరగాలన్నది నా కోరిక.

అందుకు కావలసింది తెలుగు మాధ్యమంలో స్పానిష్ వ్యాకరణం. కడపలో పనిచేసిన సీపీ బ్రౌన్ 1852లో తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు అచ్చు వేయించారు. తెలుగు-స్పానిష్‌కు అంత శ్రద్ధగా ఏదో ఒక విశ్వవిద్యాలయం పూనుకోవాలి. ఇలాంటి నోటుపుస్తకాలను పోగుచేసి మొదలుపెట్టినా సగం పని అయినట్టే.

ఎన్నాళ్లు పడుతుంది?
'నెల రోజుల్లో స్పానిష్' ప్రకటనలను నమ్మకండి. ఇంగ్లిష్ మాతృభాషగా గల తమ దౌత్య ఉద్యోగులకు 600 నుంచి 750 గంటల తరగతులు పడతాయని అమెరికా విదేశాంగ శిక్షణ సంస్థ లెక్క. రోజుకు గంట చొప్పున చూసుకుంటే రెండేళ్ల పని.

ఎక్కడ?
హైదరాబాద్ తార్నాకలోని ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ (ఇఫ్లూ)లో స్పానిష్ కోర్సులున్నాయి. స్పెయిన్ ప్రభుత్వం 1991లో స్థాపించిన సెర్వాంటెస్ ఇన్‌స్టిట్యూట్‌కు ఢిల్లీలో కేంద్రం ఉంది. స్పానిష్ ప్రావీణ్యాన్ని కొలిచే డెలే పరీక్షలో ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లు. ఒకసారి పాసైతే ఆ సర్టిఫికెట్‌కు గడువు తీరదు.

ప్రయాణికులకు
చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే, విహారానికి వెళ్లే భారతీయులు మెక్సికోకు విడిగా వీసా తీసుకోనక్కర్లేదు. నిబంధనలు బయల్దేరే ముందు మరోసారి చూసుకోండి. ఇక పలకరింపు: 'తు' అంటే నువ్వు, 'ఉస్తేద్' అంటే మీరు. కొత్తవారితో, పెద్దలతో మన ఊళ్లో లాగే రెండోదానితో మొదలుపెట్టండి.