నూరేళ్లు నిండిన రూపాయి

పార్లమెంటు సమావేశాలు లేని రోజులలో రాజధాని విలేకరికి తీరిక ఎక్కువ, వార్తలు తక్కువ. అటువంటి ఒక మధ్యాహ్నం నాలుగు వెండి రూపాయలను జేబురుమాలులో మూటగట్టుకొని చాందినీ చౌక్‌లోని దరీబా కలాన్ వీధికి వెళ్లాను. కృష్ణా జిల్లాలోని మా ఇంటి భోషాణంలో నాయనమ్మ దాచిన రూపాయలవి. పంపకాలప్పుడు పొలం గట్లకు, గోడలకు హద్దులు తేల్చుకున్న మా అన్నదమ్ములు వీటి విలువను మాత్రం తేల్చుకోలేకపోయారు. "ఢిల్లీలో ఉంటావు, కనుక్కో" అని నా చేతిలో పెట్టారు. ఢిల్లీలో ఉన్నవానికి సర్వమూ తెలిసి ఉంటుందనే భ్రమ మా ఊళ్లలో ఇంకా పోలేదు.

ఒకటి విక్టోరియా బొమ్మతో 1840 నాటిది. రెండవది ఏడవ ఎడ్వర్డుది, 1907. మూడవది అయిదవ జార్జిది, 1911. చివరిది ఆరవ జార్జిది, 1938. వర్తకుడు నాకంటె పెద్దవాడు. భూతద్దం కంటికి ఆనించి ఒక్కొక్కటే చూస్తూ మూడవదాని దగ్గర ఆగాడు. "సాబ్, ఇది సువర్‌వాలా" అన్నాడు.

పంది రూపాయి అన్నమాట. చక్రవర్తి అంగీపై హారంలో ఒక ఏనుగు బొమ్మ ఉండాలి. దాని తొండం పొట్టిగా చెక్కబడి, చూచేవారికి పందివలె కనిపించింది. ముస్లిములు ఆగ్రహించారు. అచ్చయిన 94 లక్షల రూపాయలలో చలామణికి వెళ్లినవి 7 లక్షలు మాత్రమే. వాటిలోను ఎక్కువ భాగాన్ని వెనక్కు తీసుకొని కరిగించారు. 1912లో ఏనుగుకు తొండం స్పష్టంగా పెట్టి కొత్త అచ్చు వేశారు. ఆ 1911 డిసెంబరులోనే ఇక్కడ దర్బారు జరిపి, రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నట్లు ఆ జార్జియే ప్రకటించాడు. కనుక ఈ నగరంలో నా ఉద్యోగానికి, నా చేతిలోని రూపాయికి జన్మ సంవత్సరం ఒకటే!

"ధర ఎంత?" అన్నాను. "ఏ స్థితిలో ఉన్నదని ఎవరు చెబుతారన్నదానిని బట్టి" అన్నాడతను. పాతనాణెం బేరంలో కొనేవాని కన్ను ఒక మాట, అమ్మేవాని కన్ను ఒక మాట చెబుతాయి. ఈ తగవు తీర్చడానికి అమెరికాలో మధ్యవర్తి సంస్థలు వెలిశాయి. వాటిలో పేరున్న పీసీజీఎస్ 1986లో పని ప్రారంభించింది, ఎన్‌జీసీ 1987లో పుట్టింది. అక్కడి పరీక్షకులు నాణెం అసలుదా, నకిలీదా తేల్చి, 1 నుంచి 70 వరకు అంకె వేసి, పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేస్తారు. 60, ఆపైన అంటే చేతులు మారని నాణెం. ఆ కొలబద్దకు మూలం విలియం షెల్డన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1949లో తమ దేశపు పాత రాగి సెంట్లకు వేసిన లెక్క. న్యూయార్కులోని నాణేల సంఘం సేకరణలో మేలైన సెంట్లను తీసి, నాసి సెంట్లను వాటి చోట పెట్టినవాడు ఆ షెల్డనేనని ఆయన పోయిన తరువాత బయటపడింది! నాణెం పరాయి చేతికి వెళితే ఏమి జరుగవచ్చునో కొలబద్ద కనిపెట్టినవానికే బాగా తెలుసునన్నమాట.

మావంటివారు ఈ నాణేలను వర్తకుని ద్వారానే పంపుకుంటారు. అతను పదిమందివి కలిపి ఒక కట్టగా పంపుతాడు. ఫారములు, భీమా, రుసుము, కస్టమ్స్ అన్నీ అతనివే. నెలలు పడుతుంది. ఆ నెలలన్నిటా మన దగ్గర ఉండేది అతను ఇచ్చిన చీటీ ఒక్కటే.

1938 రూపాయికి అతను చీటీ చక్కగా రాశాడు. సంవత్సరం, బరువు, ముందు వెనుక ఫొటోలు, సంతకం. "మరుసటి ఏటిదయితే మీ అదృష్టం పండేది. 1939ది దొరకదు. అందుకే ఈ 8ని 9గా దిద్ది అమ్మేవారు ఉన్నారు" అని నవ్వాడు కూడా. తక్కిన మూడింటికి మాత్రం "పాత వెండి బిళ్లలు - 3" అని రాసి చేతికి ఇచ్చాడు. సంవత్సరాలు వేయమన్నాను. వేయనన్నాడు. "వేస్తే మీకూ ప్రమాదం, నాకూ ప్రమాదం. అటు వెళ్లే మనిషి ఉన్నాడు, చేతి సంచీలో పోతాయి" అన్నాడు, తలుపు వైపు ఒకసారి చూచి.

కారణం నాకు తెలియనిది కాదు. పురావస్తువులు, కళానిధుల చట్టం 1972లో వచ్చింది. 1976 ఏప్రిల్ 5 నుంచి అమలులో ఉంది. నూరేళ్లకు తక్కువ కాని వయసున్న నాణెం దాని నిర్వచనంలో స్పష్టంగా చేరింది. అటువంటిదానిని కేంద్రప్రభుత్వమో, అది అధికారమిచ్చిన సంస్థయో తప్ప మరెవరూ దేశం దాటించరాదు. దాటిస్తే 6 నెలలకు తగ్గకుండా 3 ఏళ్ల వరకు జైలు, జరిమానా. అమ్మకానికి కాదు, అంకె వేయించి తిరిగి తెప్పించుకోవడానికే అన్నా చట్టానికి పట్టదు. పైగా ఈ గీత ఒకచోట నిలిచేది కాదు. 1911 రూపాయి 2011లో గీత దాటింది. నా 1938 రూపాయి 2038లో దాటుతుంది. అంతవరకు అది విమానమెక్కవచ్చు. వయసు విషయమై సందేహం వస్తే పురావస్తుశాఖ డైరెక్టర్ జనరల్ మాటే అంతిమం.

చట్టం చెడ్డదని నేను అనను. తంజావూరు ప్రాంతంలోని శివపురం నటరాజును 1950లలో మరమ్మతుకు ఇస్తే తిరిగి వచ్చింది నకలు. అసలు విగ్రహం అమెరికా చేరి, 1986లో గాని స్వదేశానికి రాలేదు. అటువంటి దొంగతనాలను ఆపడానికి గీత గట్టిగానే గీయాలి. కాని నటరాజుకు గీసిన గీతనే కోట్ల సంఖ్యలో అచ్చయిన రూపాయికీ గీసినవారు, ఆ రూపాయి విలువ తేల్చుకోదలచిన ఇంటివాడు ఎక్కడికి పోవాలో ఆలోచించలేదు. జనపథ్‌లోని జాతీయ మ్యూజియంలో అద్దాల వెనుక నాణేలు అందంగా ఉన్నాయి. మీ నాణెం తెండి, పరీక్షించి కాగితం మీద రాసి ఇస్తామనే ప్రభుత్వపు కిటికీ మాత్రం నేను రాజధానిలో చూడలేదు. ఫలితంగా, ఏ నాణేన్ని కాపాడాలని చట్టం వచ్చిందో ఆ నాణేనికే ఈ వీధిలో తన సంవత్సరం వేసిన చీటీ దొరకదు. సంవత్సరం లేని పంది రూపాయికి, దాని స్థానంలో తిరిగి వచ్చే మరో వెండి బిళ్లకు తేడా ఏ కోర్టులో రుజువు చేయగలను?

మూడింటినీ తిరిగి మూటగట్టాను. వర్తకుడు నొచ్చుకున్నాడు, టీ మాత్రం పోయించాడు.

1938 రూపాయి ఏడు నెలలకు తిరిగి వచ్చింది, అదే రూపాయి. ఫొటోతో పోల్చి చూచుకున్నాను. ప్లాస్టిక్ పెట్టెలో ఉంది గాని అంకె లేదు. నాణెం అసలుదే, కాని శుభ్రపరచబడింది, కనుక అంకె వేయలేమని దాని సారాంశం. ఊళ్లో అమ్మకు ఫోను చేసి చెప్పాను.

"ఏటా దీపావళికి చింతపండుతో తోమి లక్ష్మీదేవి ముందు పెట్టే రూపాయిరా అది! మురికిగా ఉంటేనా వాళ్లకు నచ్చేది?" అంది. తరువాత తక్కిన మూడింటి మాట అడిగింది. నా బల్ల సొరుగులో ఉన్నాయన్నాను. పండుగకు వచ్చేటప్పుడు తీసుకురమ్మంది. తెస్తాను గాని తోమవద్దన్నాను. ఆమె ఒప్పుకోలేదు.