తమలపాకు మీద సూది

రండర్రా, రండి. అరుగు మీద చోటు చాలకపోతే ఆ మడతమంచం ఇలా లాక్కోండి. మీ అమ్మమ్మ వక్కలు కత్తిరించే అడకత్తెర మాత్రం దూరంగా పెట్టండి. ఎందుకో తర్వాత చెబుతాను.

ముందు ఆ ఇత్తడి పళ్లెంలో నీళ్లు పొయ్యి తల్లీ. ఇదిగో కుట్టుసూది. పాత స్పీకర్లోంచి తీసిన ఈ అయస్కాంతం మీద దీన్ని పిల్లి వీపు నిమిరినట్టు ఒకే వైపుకి రుద్దాలి. వెనక్కీ ముందుకీ కాదు. ఓ ముప్ఫయి, నలభైసార్లు చాలు. చిన్న తమలపాకు ముక్క మీద పెట్టి నీళ్లలో వదలండి. తిరిగింది, తిరిగింది... ఆగింది. ఒక మొన వీధి వైపు, ఇంకో మొన పెరటి వైపు, అంటే ఉత్తర దక్షిణాలకి. ఆకుని వేలితో గిర్రున తిప్పి వదలండి. మళ్లీ అటే! లేగదూడని ఏ గుంజకి కట్టినా తల్లి ఉన్నవైపే మెడ తిప్పుతుందే, అలాగన్నమాట.

ఈ సూదికి తల్లి ఎవరంటారా? మన కాళ్ల కింద సుమారు 2,900 కిలోమీటర్ల లోతున కరిగిన ఇనుముంది. బెల్లం వండే పెనంలో చెరుకుపాకం కిందా మీదా అవుతూ కలియదిరుగుతుంది చూడండి, ఆ ఇనుమూ అలాగే మెల్లగా కదులుతూ ఉంటుంది. ఆ కదలికలోంచి కరెంటు పుడుతుంది, ఆ కరెంటులోంచి భూమికి అయస్కాంతశక్తి పుడుతుంది. మన పళ్లెంలో సూది అంత లోతు నించి వచ్చిన మాట వింటోంది! నాకు డెబ్బయి దాటాయి. ఇప్పటికీ ఇది చూసినప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

ఇప్పుడా అడకత్తెర పళ్లెం దగ్గరికి తీసుకురా బుజ్జీ. చూశావా, సూది దాని వైపు తిరిగిపోయింది. పక్కన ఇనుముంటే చాలు, సూది భూమి మాట మానేసి దాని మాట వింటుంది. అందుకే దిక్సూచి చూసేటప్పుడు కొడవలి, సైకిలు, సెల్‌ఫోను దగ్గర ఉండకూడదు.

మన కోనసీమలో దిక్సూచి అక్కర ఎవరికీ రాదు. దారి తప్పినా కాలవగట్టు పట్టుకుంటే ఏదో ఒక ఊళ్లో తేలతాం. అడవిలో అలా కాదు. నాకు ఇరవై రెండేళ్లప్పుడు, రాజమండ్రిలో చదువుకునే రోజుల్లో, నలుగురం స్నేహితులం రంపచోడవరం దాటాక బస్సు దిగి, మారేడుమిల్లి రోడ్డుకి తూర్పున ఉన్న అడవిలోకి వాగు చూద్దామని దూరాం. మబ్బు పట్టింది. తిన్నగానే నడుస్తున్నాం అనుకున్నాం. గంట తర్వాత చూస్తే మా ముందు వేరుశెనగ తొక్కలు. ఎవరివో కావు, పొద్దున మేం తిని పారేసినవే!

దెయ్యం తిప్పిందన్నాడు మాలో ఒకడు. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. గానుగెద్దు కళ్లకి గంతలు కడతారు కదా, అది రోజంతా నడిచినా గానుగ చుట్టూనే ఉంటుంది. మనిషీ అంతే. జర్మనీ శాస్త్రజ్ఞులు కొందరు మనుషుల్ని అక్కడి అడవిలోనూ, సహారా ఎడారిలోనూ నడిపించి చూసి, 2009లో సంగతి బయటపెట్టారు. సూర్యుడో చంద్రుడో కనిపిస్తున్నంతసేపూ తిన్నగా నడిచారట. మబ్బు కమ్మితే గుండ్రంగా తిరిగి, తాము తొక్కిన జాడనే మళ్లీ తొక్కారట. కాలు పొట్టో పొడుగో కారణం కాదు. ‘తిన్నగా’ అనే ఊహే మనసులో కాస్త కాస్త పక్కకి జారిపోతుంది. బయట కదలనిది ఏదో ఒకటి కంటికి ఆనాలి, లేకపోతే మనసుకి ఆ జారుడు తెలియదు.

మా నలుగురిలో ఒకడు ఎన్‌సీసీ కుర్రాడు. వాడి సంచీలో దిక్సూచీ, సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల టోపోషీటూ ఉన్నాయి. వాడు పటం నేల మీద పరిచి, పక్కన దిక్సూచి పెట్టి, మమ్మల్ని కదలొద్దని పటాన్ని తిప్పాడు. పటం మీది ఉత్తరం సూది ఉత్తరంతో కలిసేదాకా తిప్పాడు. అసలు విద్యంతా అక్కడుంది పిల్లలూ. పటం తనంతట తాను కాగితం. దిక్సూచి తనంతట తాను ఎటు ఉత్తరమో చెబుతుంది గానీ, నువ్వెక్కడున్నావో చెప్పదు. రెండూ కలిస్తే పటంలో కుడివైపున్న కొండ నిజంగానే నీ కుడివైపుకి వస్తుంది. ఆ క్షణాన కాగితం కిటికీలా తెరుచుకుంటుంది.

‘రోడ్డు పడమరన ఉంది. పడమర పట్టుకుని పోతే తగిలి తీరాలి’ అన్నాడు. సూది చూసుకుంటూ తల వంచుకుని నడవలేదు. పడమటి గీత మీద కనిపించే మద్దిచెట్టుని గుర్తుపెట్టుకోవడం, దాని దగ్గరికి వెళ్లడం, మళ్లీ సూది చూసి ఇంకో చెట్టు. కళ్లం మీంచి ధాన్యం బస్తాలు ఒకటొకటిగా మోసినట్టు. చీకటి పడేలోపు రోడ్డెక్కాం.

రోడ్డు మీద వెదుళ్ల మోపు దించి చుట్ట కాల్చుకుంటున్న కొండరెడ్డి ముసలాయన్ని అడిగాను, మీకు దారెలా తెలుస్తుందండీ అని. ‘వాగులెటు పోతాయో తెలిస్తే చాలు బాబూ’ అన్నాడు. ఆ మాట విన్నాక పటం నాకు వేరేగా కనిపించింది. నీలం గీతలు ఆయన వాగులే. వాటి చుట్టూ గోధుమరంగు గీతలున్నాయే, అవేమిటి? వేసవిలో మన చెరువు తగ్గుతుంటే గట్టు మీద చారలు మిగులుతాయి కదా, ఒక్కో చార ఒక్కో రోజు నీటిమట్టం. కొండని చెరువులో ముంచి, 20 మీటర్ల చొప్పున నీళ్లు తీస్తే మిగిలే చారలే ఆ గీతలు. దగ్గర దగ్గరగా ఉంటే నిట్టనిలువు. ఎడంగా ఉంటే ఆయాసం లేకుండా ఎక్కొచ్చు. వాగు దిగేచోట గీతలు బాణం మొనలా వంగి ఎగువకి చూపిస్తాయి. ఆ పటంలో రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. మన కోనసీమ షీటు తెరిచి చూడండి, గోధుమ గీత కనపడడమే గగనం. అంత చదును మన నేల!

చిన్న కిటుకొకటి చెబుతాను, నాకు దీన్ని మించి ముచ్చటైంది లేదు. చేలకి అడ్డంగా నడిచి కాలవ మీది చిన్న వంతెన చేరాలనుకోండి. పొగమంచు. సరిగ్గా వంతెనకే గురిపెట్టి నడిచారు, కాలవ తగిలింది, వంతెన లేదు. ఇప్పుడు కుడికెళ్లాలా, ఎడమకెళ్లాలా? తెలీదు. అందుకని తెలిసే గురి తప్పాలి. వంతెనకి బాగా ఎడంపక్కకి నడవాలి. కాలవ తగలగానే అనుమానమే లేదు, కుడివైపుకి తిరిగి గట్టు పట్టుకుంటే వంతెన ఎదురొస్తుంది. కావాలని చేసిన తప్పు ఇంత ఉపకారం చేస్తుందని నాకు ముందు ఎవరూ చెప్పలేదు.

ఇక ఉన్నచోటు తెలుసుకోవడం. చేలో నిలబడి దిక్సూచితో గుడిగోపురం ఎటుందో చూసి, పటం మీద ఆ గోపురం నించి మన వైపుకి గీత గీయండి. నీళ్లట్యాంకు నించి ఇంకోటి. రెండూ కలిసినచోట నువ్వున్నావు. మూడోది సెల్‌టవరు నించి. అది సాక్షి. మూడూ ఒకే చుక్కలో కలవవు, మధ్యలో బుల్లి ముక్కోణం మిగులుతుంది. ఫరవాలేదు, దాని దగ్గర్లోనే ఎక్కడో ఉన్నావు.

ఇలాంటి కోణాలతోనే మన దేశం పటమూ పుట్టింది. 1802లో లాంబ్టన్ దొర మద్రాసులో ఒక్క గీతని నేల మీద గొలుసుతో జాగ్రత్తగా కొలిచాడు. తర్వాత ఎక్కువభాగం కోణాలే, ఒక కొండ నించి ఇంకో కొండకి, ముక్కోణం పక్కన ముక్కోణం. 1818లో ఆయన దగ్గర చేరిన కుర్రాడు మన కృష్ణకీ గోదావరికీ నడుమ అడవుల్లో కొలుస్తూ విషజ్వరం బారినపడ్డాడు. కోలుకోడానికి 1820లో ఆఫ్రికా కొసకి పంపించారు. ఆ కుర్రాడి పేరు జార్జ్ ఎవరెస్ట్. ఎవరెస్టు శిఖరానికి పెట్టింది ఈయన పేరే. జ్వరంతో మూలిగిన మనిషి, కొండల మీదికి జెండాలు మోసిన కూలీలు... టోపోషీటు మడత విప్పినప్పుడల్లా నాకు వాళ్లు గుర్తొస్తారు.

సూర్యుణ్ణి చూసి దిక్కు చెప్పలేమా తాతయ్యా అని అడగబోతున్నావు కదూ? చెప్పొచ్చు గానీ మన ఊళ్లో జాగ్రత్త. మిట్టమధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుందని బడిలో చెబుతారు. కానీ మే మొదటి వారం చివర్లో సూర్యుడు సరిగ్గా నెత్తి మీదకొస్తాడు, పాతిన కర్రకి నీడే ఉండదు. అక్కణ్ణించి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది! మీ వేసవి సెలవుల్లో పెరట్లో కర్ర పాతి చూడండి, నా మాట నమ్మనక్కర్లేదు.

రాత్రయితే ధ్రువుడున్నాడు. పదండి, దీపాలార్పి డాబా మీదకెళదాం. చెయ్యి చాచి పిడికిలి పట్టండి, అది సుమారు పది డిగ్రీలు. దాని మీద మూడున్నర వేళ్లు, ఏడు. పిడికిలి అడుగుని ఉత్తరం పక్క నేల అంచుకి ఆనించండి. ఆ వేళ్లపైన మినుకుమంటున్నాడే, వాడే. పదిహేడు డిగ్రీలు, అంటే దాదాపు మన ఊరి అక్షాంశం. నీ పిడికిలి చిన్నదని బెంగపడకు చిట్టితల్లీ. చెయ్యీ పొట్టిదేగా, లెక్క సరిపోతుంది.