తొలికాన్పునకు ముందు ఒక చిన్న సాధన

తొలిచూలు గర్భిణి పుట్టినింటికి వచ్చినది మొదలు ఏమి తినవలెనో, ఏమి తినరాదో పెద్దలందరును చెప్పుదురు. కాన్పువేళ మిక్కిలి సాగవలసిన భాగమును గూర్చి మాత్రము ఎవ్వరును నోరు విప్పరు. యోనిద్వారమునకును మలద్వారమునకును నడుమనున్న ఆ భాగమును వైద్యులు పెరీనియమ్ అందురు. శిశువు తల వెలికివచ్చునపుడు అది చాలినంత సాగనిచో చిరుగును. ఒక్కొక్కప్పుడు వైద్యులే దానిని కోయుదురు. కుట్లు పడిన తల్లికి కొన్నాళ్ళు కూర్చుండి బిడ్డకు పాలిచ్చుటయు కష్టమగును.

ఈ బాధను మర్దనముచే తగ్గింపవచ్చునా? కెనడాలోని క్యుబెక్ రాష్ట్రమున జరిగిన పరిశోధన ఫలితములు 1999లో వెలువడినవి. మొదటిసారి యోనిమార్గమున ప్రసవించిన స్త్రీలలో, మర్దనము నేర్పబడినవారిలో నూటికి 24 మందికి పెరీనియమ్ చెక్కుచెదరలేదు. నేర్పబడనివారిలో అట్టివారు నూటికి 15 మందే. పిమ్మట నాలుగు పరిశోధనలలోని 2,497 మంది విషయమును కలిపి చూడగా, 15 మంది మర్దనము చేసికొన్నచో ఒకరికి కుట్లు తప్పునని తేలినది. తీవ్రమైన చిరుగులు తగ్గినట్లు కానరాలేదు. లాభము కొద్దిదే, కాని నిజమైనది.

గర్భమునకు 35వ వారము వచ్చిన పిదప, వైద్యుని అనుమతితో దీనిని ప్రారంభింపవచ్చును. స్నానానంతరము, గోళ్ళు కత్తిరించుకొని, చేతులు సబ్బుతో కడిగికొని, తలగడల కానుకొని కూర్చుండవలెను. సుగంధములు కలపని కొబ్బరినూనె బొటనవ్రేళ్ళకు రాచుకొని, వానిని యోనిలోనికి అంగుళము, అంగుళమున్నర పోనిచ్చి, మలద్వారమువైపు మెల్లగా ఒక నిమిషము అదిమిపట్టవలెను. తరువాత అర్ధచంద్రాకారముగా ఇరుప్రక్కలకు నిమురవలెను. ఐదు నిమిషములు చాలును; వారమునకు ఒకటి రెండు మారులు చాలును. కొంచెము చుఱుక్కుమనుట సహజము. నొప్పి పుట్టినచో ఆపవలెను. పైభాగముననున్న మూత్రద్వారమును ఒత్తరాదు.

రక్తస్రావము, ఉమ్మనీరు పోవుట, మాయ క్రిందుగా నుండుట, యోనియందు పుండ్లు, నెలలు నిండకయే నొప్పుల సూచన — వీనిలో ఏది యున్నను మర్దనము కూడదు.

ఇది ఇంటిల్లిపాది వినదగిన మాటయా యని కొందరు సంకోచింపవచ్చును. ఆ సంకోచము వలననే ఎందరో తల్లులకు ఈ సంగతి తెలియకున్నది. తెలిసిన పిదప చేసికొనుట, మానుట ఆమె ఇష్టము. చేసికొన్నను కుట్లు పడవచ్చును. అప్పుడు “నీవు సరిగా చేసికొనలేదు” అని ఎవ్వరును ఆమెను నిందింపరాదు.